డ్రాయింగు ఓనరు ఇచ్చిందే, మరి పగులుకు బాధ్యత ఎవరిది?

మహబూబ్‌నగర్ దగ్గర నల్లరేగడిలో కాంపౌండు గోడ కట్టారు. ఓనరు తరఫు ఇంజనీరు ఇచ్చిన డ్రాయింగులో పునాది 2 అడుగులే. రెండు వానాకాలాలకే గోడ పగిలితే, సొంత ఖర్చుతో మళ్లీ కట్టివ్వమంటున్నారు. ఇదే కదన్నా మీ బాధ. నేను నల్లగొండ జిల్లాలో 19 ఏళ్లుగా కంట్రాక్టు పనులు చేస్తున్నాను. ఈ దెబ్బ నేనూ తిన్నాను.

మిర్యాలగూడ వైపు ఒక గోదాము ఫ్లోరింగు, 18 లక్షల పని. మా దగ్గర చెలక నేలలే ఎక్కువ గానీ, ఆ జాగా మాత్రం సాగర్ ఎడమ కాలువ కింది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలు బారుతుంది. డ్రాయింగులో మొరం 6 అంగుళాలు, పైన కాంక్రీటు 4 అంగుళాలు. మొదటి రోజే గడ్డపార దించి లాగితే మట్టి ముద్దలా అంటుకొని వచ్చింది, విదిలించినా రాలలేదు. "సార్, అడుగున్నర మొరం పోసి రోలర్ కొట్టియ్యాలె" అన్నాను. "ఏం కాదు, డ్రాయింగుల ఉన్నట్టే పొయ్" అన్నారు. పోశాను. ఒక్క వానాకాలం దాటేసరికి లారీ వెనక చక్రాలు తిరిగే దారి పొడవునా రూపాయి బిళ్ల నిలువుగా దూరేంత పగులు.

పని నిలిచిందని తేలేదాకా బిల్లులో పట్టి ఉంచే 5 శాతం రిటెన్షన్, అంటే 90 వేలు, ఆపేశారు. డ్రాయింగు వాళ్లదే కదా అన్న ధీమాతో లాయరు దగ్గరికి పోయాను. ఆయన అగ్రిమెంటు రెండో పేజీలో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు: "లోడు లారీలు తిరుగుటకు అనువుగా ఫ్లోరింగు చేసి ఇవ్వవలెను." ఎలా పొయ్యాలో డ్రాయింగు చెప్పింది. పోశాక అది ఏం మొయ్యాలో ఈ వాక్యం చెప్పింది. నేను రెండింటికీ సంతకం పెట్టి ఉన్నాను.

ఆయనే రెండు విదేశీ తీర్పులు చెప్పాడు. అమెరికాలో 1918 నాటి స్పియరిన్ కేసులో, ప్రభుత్వం ఇచ్చిన ప్లాను ప్రకారం కట్టినవాడు ఆ ప్లానులోని లోపానికి బాధ్యుడు కాడన్నారు. సముద్రంలో గాలిమరల పునాదుల కేసులో 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు వేరు. పాటించమన్న స్టాండర్డులోనే లెక్క తప్పు ఉన్నా, 20 ఏళ్లు నిలవాలన్న షరతుకు ఒప్పుకున్న కంట్రాక్టరే భరించాలంది. మన 1872 కాంట్రాక్టు చట్టంలో డ్రాయింగు తప్పు ఎవరిదని తేల్చే ప్రత్యేక సెక్షన్ లేదు. అగ్రిమెంటులో ఏం రాసుకున్నారన్నదే ముందు చూస్తారు.

నన్ను ఎక్కువగా ముంచింది మాత్రం నోటిమాట. తప్పు కనిపించింది, చెప్పాను, కానీ చెప్పినట్టు ఒక్క కాగితం లేదు. చివరికి ఫ్లోరింగు బెడ్ మళ్లీ వెయ్యడానికి సగం ఖర్చు నేను పెట్టుకున్నాను. అప్పటినుంచి అనుమానం వస్తే ఆ సాయంత్రమే ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకుంటున్నాను. సంతకం వచ్చేదాకా కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగదు. ఓనరుకు కోపం వచ్చినా సరే.

ఇప్పుడు మీ పని. అగ్రిమెంటులో "నిలిచేలా", "అనువుగా", "గ్యారంటీ" లాంటి మాట ఎక్కడుందో వెతకండి. డ్రాయింగు మీరు గీయించిందైతే, లేదా సిమెంటులో, స్టీలులో మీరు తగ్గించి ఉంటే తప్పు ఓనరు డ్రాయింగుదే అన్న వాదన నిలవదు, ఆ బాధ్యత మీదే. లోతు గురించి వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే ఆ ఫోను మార్చకండి. కోర్టులో ఆ మెసేజీలు చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచెయ్యాలి. రావాల్సిన బిల్లుకు దావా గడువు మామూలుగా 3 ఏళ్లే, ఊరికే తిరుగుతూ అది దాటనివ్వకండి.

అన్నిటికంటే ముందు, వాళ్లు గోడ పడగొట్టకముందే పక్కన ఒక గుంత తవ్వించి, పునాది అడుగు దాకా టేపు పట్టి, ఓనరు మనిషి ముందే ఫొటో తీయండి.