కదిపితే కదుపు, మార్చితే మార్చు

విజయనగరం

తమ్ముడూ,

నీ ప్యాచ్ (కోడ్‌లో నువ్వు చేసిన మార్పుల మూట) చూశాను. లింకర్‌లో (కంపైలైన ముక్కలను అతికి ఒక ప్రోగ్రామ్‌గా చేసేది) తలో ఫైల్లో పడి ఉన్న హెల్పర్ ఫంక్షన్లన్నీ ఏరి ఒకచోట చేర్చావు. ఆమదాలవలసలో పరీక్షలకు చదువుకుంటూనే, ఎవరూ చెప్పకుండా ఈ పనికి పూనుకున్నావంటే ముచ్చటేసింది. కొత్తగా వచ్చినవాళ్లు కొత్త ఫీచరే పెట్టాలని ఉబలాటపడతారు గానీ పాత కోడ్ సర్దుతానని ముందుకొచ్చేవాళ్లు తక్కువ. అయినా దీన్ని ఇలాగే పంపకు.

పాత కోడ్‌కూ కొత్తదానికీ తేడా చూపే డిఫ్ తెరిస్తే పేజీల కొద్దీ ఎర్ర లైన్లు (తీసేసినవి), వాటి కింద పేజీల కొద్దీ ఆకుపచ్చ లైన్లు (చేర్చినవి). చదివేవాడు ‘ఓహో, అక్కడిది ఇక్కడికి తెచ్చాడు’ అనుకుని దాటిపోతాడు. ఆ పచ్చ లైన్ల మధ్య నువ్వు ఒక ‘ఇఫ్’ తీసేశావు. అది వాడికి కనబడదు. మన ఊళ్లో అన్నట్టు ‘ఇదేటి, ఎక్కడ మారిందో తెలీదేటి’ అని విసుక్కునేవాడు దొరికితే నీ అదృష్టం. విసుక్కోకుండా సరే అనేసేవాడితోనే ప్రమాదం.

ఆ ‘ఇఫ్’ సంగతే చూద్దాం. ఆఫ్‌సెట్‌ను (ఫైల్లో ఎన్నో బైటు దగ్గరో చెప్పే అంకె) అలైన్‌మెంట్‌కు (ఏ సంఖ్య గుణిజం దగ్గర మొదలవ్వాలో చెప్పేది) తగ్గట్టు పైకి జరిపే ఫంక్షన్ రెండు ఫైళ్లలో విడివిడిగా ఉంది. రెండూ ఒకటే కదా అని ఒకటి తీసేశావు. ఒకటి కాదు. అవుట్‌పుట్ రాసే ఫైల్లో ఉన్నదానికి మొదట్లోనే చిన్న షరతుంది: అలైన్‌మెంట్ 0 అయితే విలువను ఉన్నదున్నట్టు తిరిగి ఇచ్చెయ్యి. నువ్వు ఉంచినదానికి అది లేదు. ఈఎల్‌ఎఫ్ (లినక్స్‌లో ప్రోగ్రామ్ ఫైళ్ల ఫార్మాట్)లో ఒక్కో సెక్షన్ గురించి, అంటే కోడ్ ముక్కో డేటా ముక్కో దాని గురించి, చెప్పే హెడ్డర్‌లో అలైన్‌మెంట్ 0 అని ఉన్నా, 1 అని ఉన్నా అర్థం ఒకటే, ఎక్కడైనా పెట్టుకోవచ్చని. ఇప్పుడు నీ ఫంక్షన్‌కు 0 ఇచ్చి కాగితం మీద లెక్క వెయ్యి. విలువకు అలైన్‌మెంట్ కలిపి 1 తీసేస్తున్నావు. అలైన్‌మెంట్‌లోంచి 1 తీసి, బిట్లు తిరగేసి, దాంతో ‘అండ్’ చేస్తున్నావు. అన్‌సైన్డ్ సంఖ్యలో 0 లోంచి 1 తీస్తే బిట్లన్నీ 1లు. తిరగేస్తే అన్నీ 0లు. ఇక దేనితో అండ్ చేసినా మిగిలేది 0. అంటే 4096 దగ్గర ఉండాల్సిన సెక్షన్ ఫైలు మొదటికొచ్చి ఈఎల్‌ఎఫ్ హెడ్డర్ మీదే పడుతుంది. టెస్టులన్నీ పాసయ్యాయని రాశావు. అవుతాయి మరి. మామూలు అసెంబ్లర్ (అసెంబ్లీ కోడ్‌ను లింకర్‌కిచ్చే ముక్కగా మార్చేది) అక్కడ 1 రాస్తుంది, నీ టెస్టు ఫైళ్లన్నీ అసెంబ్లర్‌లోంచి వచ్చినవే.

ఇక ఫంక్షన్ల ముందున్న ‘స్టాటిక్’ అనే మాటను నువ్వు తీసెయ్యడం గురించి. అది ఉన్నంతకాలం ఆ పేరు ఆ ఫైలు గడప దాటదు, అందుకే ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు ఇన్నాళ్లూ గొడవ లేకుండా ఉన్నాయి. అది తీసి, అన్ని ఫైళ్లూ చూసే హెడ్డర్ ఫైల్లో ప్రకటించగానే పేరు లింకర్ చేతిలో పడుతుంది. శ్రీకాకుళం రోడ్ అని టికెట్ కొన్నవాణ్ణి రైలు మీ ఆమదాలవలసలో దించినట్టు, లింకర్ కూడా పేరు చూసుకుని చిరునామాకు చేరుస్తుంది. ఒకే పేరుకు రెండు చిరునామాలుంటే ‘డూప్లికేట్ సింబల్’ అని ఆగిపోతుంది. ఆగిపోతే మంచిదే. ఎవరైనా రెండు చోట్లా ‘ఇన్‌లైన్’ అని రాసి, లోపలి కోడ్ వేర్వేరుగా ఉంచారనుకో, లింకర్ ఒకదాన్ని తీసుకుని రెండోదాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. సీ ప్లస్ ప్లస్ ప్రమాణం ప్రకారం అది తప్పే, కానీ తప్పని చెప్పాల్సిన బాధ్యత కంపైలర్‌కు గానీ లింకర్‌కు గానీ లేదు.

ఒక అక్షరం మార్చకుండా కదిపినా ఫలితం మారే చోటొకటి ఉంది. స్టాటిక్ లైబ్రరీలోంచి (ఆబ్జెక్ట్ ఫైళ్ల, అంటే కంపైలైన ముక్కల, కట్ట) లింకర్ ఫంక్షన్లను విడివిడిగా లాగదు, ఆబ్జెక్ట్ ఫైలు మొత్తాన్ని లాగుతుంది. చిన్న హెల్పర్‌ను తీసుకెళ్లి పెద్ద ఫైల్లో పెడితే, ఆ హెల్పర్ కోసం వచ్చినవాడి మీద ఆ ఫైల్లోని గ్లోబల్ వేరియబుళ్లు, వాటి ఇనిషియలైజర్లు, అవి అడిగే మరో పది ఫైళ్లు వచ్చి పడతాయి. నువ్వు అన్నీ కుమ్మరించిన ఆ ‘యుటిల్స్’ ఫైలు నాకు నచ్చనిది అందుకే. (అసలు ఆ పేరుతో ఉన్న ఫైలు చిన్నదిగా మిగిలిన ప్రాజెక్టును నేను చూడలేదు.) సింబల్ పేరును మనిషి చదివేలా విప్పే ఫంక్షన్ సింబల్స్ ఫైల్లో ఉండాలి. సెక్షన్లను వరసపెట్టే ఫంక్షన్ సెక్షన్ల దగ్గరుండాలి. ఒక్కచోటే వాడుతుంటే అసలు కదపకు.

ఎల్‌ఎల్‌వీఎమ్ (కంపైలర్లు, లింకర్లు తయారుచేసే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు) వాళ్లకు ఒక పద్ధతుంది. ప్రోగ్రామ్ ప్రవర్తన మారని కమిట్‌కు (చరిత్రలో చేర్చే ఒక్కో మార్పు) ‘ఎన్‌ఎఫ్‌సీ’ అని గుర్తు పెడతారు, పనితీరులో మార్పు లేదని. ఆ మూడక్షరాలు పెట్టావంటే నువ్వు హామీ ఇచ్చినట్టే. ఇచ్చేముందు గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) డిఫ్‌ను ‘కలర్ మూవ్డ్’ ఆప్షన్‌తో చూడు. కదిలిన లైన్లకు ఒక రంగు, నిజంగా కొత్తవాటికి వేరే రంగు వేస్తుంది. తర్వాత పాత లింకర్‌తోనూ కొత్త లింకర్‌తోనూ ఒకే ప్రోగ్రామ్‌ను లింక్ చేసి ఆ రెండు ఫైళ్లనూ ‘సీఎమ్‌పీ’తో పోల్చు. ఒక్క బైటు తేడా వచ్చినా పంపకు. ఇందుకు లింకర్‌నే లింక్ చేసి చూడు, అంతకంటే పెద్ద ఇన్‌పుట్ నీ దగ్గర ఎలాగూ ఉండదు.

కమిట్ సందేశంలో ‘కోడ్ శుభ్రం చేశాను’ అని రాశావు. ఏం కదిపావో డిఫ్‌లో కనబడుతూనే ఉంది. ఎందుకు కదిపావో రాయి: ఫలానా ఫంక్షన్ ఇంకో ఫైల్లో కూడా కావాల్సి వచ్చిందనో, ఒక హెడ్డర్ బెడద తప్పుతుందనో. రెండు వాక్యాలు చాలు.

కాబట్టి దీన్ని మూడుగా చీల్చు. ముందు అలైన్‌మెంట్ 0కి ఒక టెస్టు పంపు. అసెంబ్లర్ నీకు అలాంటి ఫైలు ఇవ్వదు. ఎల్‌ఎల్‌వీఎమ్‌లో యామల్ (మామూలు టెక్స్ట్‌లో డేటా రాసే పద్ధతి) రాస్తే ఆబ్జెక్ట్ ఫైలు చేసిపెట్టే పనిముట్టు ఉంది, అది వాడు. రెండోదాంట్లో ఒట్టి కదపడమే. ఆ రెండు ఫంక్షన్లను ఒకటి చెయ్యడం మూడోది, షరతు ఉన్నదాన్నే ఉంచి. ఆ ఫైళ్లను ఈమధ్య ఎవరు ముట్టుకున్నారో గిట్ లాగ్‌లో చూసి వాళ్లనే రివ్యూ అడుగు. వారం దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ‘పింగ్’ అని ఒక్క ముక్క పెట్టు, అక్కడెవరూ దాన్ని తప్పుగా తీసుకోరు.

ఉంటాను,
అన్నయ్య