మీ ప్రశ్న – మా జవాబు: సున్నపుతేటలో దిగేవి కామెర్లేనా?

ప్రశ్న: మా తమ్ముడికి 16 ఏళ్ళు. పచ్చకామెర్లు. రక్తపరీక్షలో హెపటైటిస్-ఎ అని తేలింది. మా అత్తగారు పసరు పోయించమంటున్నారు. అక్కడ చేతులకు ఏదో రాసి సున్నపుతేటతో కడిగితే పచ్చటి నీళ్ళు కారడం నేనూ చూశాను. ఒంట్లో కామెర్లు అలా దిగుతాయా? పథ్యం ఎన్నాళ్ళు? – ఒక పాఠకురాలు

జవాబు: కారిన పసుపు మీ తమ్ముడిది కాదు, చేతికి రాసిన పసరుది. చాలాచోట్ల రాసేది మామిడిబెరడు రసం. సున్నం తగిలితే అది పచ్చబడుతుంది. పారాణి కలిపినవాళ్ళకు ఇది వింతేమీ కాదు, పసుపులో సున్నం పడితే ఎర్రబడదూ? అనుమానముంటే మీ చెయ్యి చాపండి, అంతే పచ్చగా కారుతుంది. కామెర్లలో ఒంటిని పచ్చబరిచే పదార్థం బిలిరుబిన్. అది కాలేయం నుంచి పైత్యరసంలో కలిసి మలంలో పోవాలి, కొంత మూత్రంలో పోతుంది. అరచేతుల్లో దానికి దారి లేదు.

మరి పసరు తాగినవాళ్ళకు తగ్గుతోందిగా అంటారు. కాలేయానికి సోకే వైరస్ జబ్బు హెపటైటిస్-ఎ చాలామందికి రెండు నెలల్లోపు తనంతట తానే తగ్గుతుంది. ఆ మధ్యలో ఏది తాగితే దానికే పేరు. నేల ఉసిరి సంగతి వేరు: 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి మోస్తున్నవారికి దాని పొడి ఇచ్చి మంచి ఫలితం చూపించారు, కానీ తర్వాత ఇతరుల పరీక్షల్లో అది నిలవలేదు. పైగా మీవాడిది బి కాదు. ముక్కులో చేదుబీర రసం పోయించడం, చేతిమీద వాత పెట్టించడం అసలే వద్దు. ముక్కు పొర ఒరుసుకుపోయి కారే నీళ్ళనే కామెర్లంటారు.

ఉప్పూ నూనే లేని చప్పిడి పథ్యం అక్కర్లేదు. కూరలో పసుపు మానేస్తే కళ్ళు తెల్లబడవు! పొద్దున ఆకలి కాస్త బాగుంటుంది, అప్పుడే కడుపునిండా పెట్టండి: ఇడ్లీ, పప్పన్నం, మజ్జిగ. వికారం ఉన్నన్నాళ్ళు వేపుళ్ళు తగ్గిస్తే చాలు. జ్వరం మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదు దాటొద్దు.

బిలిరుబిన్ అంకె కంటే, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష మీద కన్నేయండి. పగలు మగతగా పడుకుని రాత్రి మేలుకోవడం, మాట తడబడటం, చిగుళ్ళలో రక్తం, ఆగని వాంతులు కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. మలం సుద్దలా తెల్లగా వచ్చి ఒళ్ళంతా దురద పెడితే పైత్యనాళంలో అడ్డుందేమో స్కానింగ్‌లో చూడాలి.

ఇంట్లో మిగతా పిల్లలకు, వైరస్ తగిలే అవకాశం వచ్చిన రెండు వారాల్లోపు హెపటైటిస్-ఎ టీకా వేయిస్తే చాలావరకు తప్పించుకుంటారు. మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక అందరూ సబ్బుతో చేతులు కడగాలి, సున్నపుతేటతో కాదు.