తొలి లైఫ్ క్లాసుకు వెళ్లే ముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే సోమవారం నుంచి మీ ఆర్ట్ కాలేజీలో లైఫ్ స్టడీ, అంటే ఎదురుగా ఉన్న మనిషిని చూసి బొమ్మ గీసే క్లాసు, మొదలవుతుందని, మోడల్ ఒంటి మీద బట్టలుండవని నువ్వు చెప్పావట, అప్పట్నుంచి తనకు నిద్ర లేదు, "ఆ ఒక్క క్లాసు మానెయ్యమని మీరైనా చెప్పండి వదినా" అంది. నేను చెప్పను. మీ అమ్మకు సర్దిచెప్పడం నా పని, ఆ టెన్షన్ నువ్వు పెట్టుకోకు. కానీ నీకూ లోపల బెరుగ్గానే ఉందని తన మాటల్లో అర్థమైంది, అందుకే ఇది రాస్తున్నాను.

పది నిమిషాలు ముందే వెళ్లు. ఫోన్ ఆపేసి బ్యాగులో పెట్టు, ఈజిల్ (బొమ్మ వేసే స్టాండు) మీద కూడా ఉంచకు. మోడల్ రాగానే, ఇంకా చీరలో ఉండగానే, "నమస్తే అక్కా" అని పలకరించు, మగవాళ్లయితే "అన్నా" అను. ఒకసారి నోరారా పలకరించిన మనిషిని ఆ తర్వాత వస్తువులా చూడలేం.

నా మొదటి క్లాసులో నేనా పని చెయ్యలేదు. తలెత్తి చూడ్డానికే సిగ్గేసి, స్టూలు మీద పరిచిన దుప్పటి మడతలు శ్రద్ధగా వేశాను, తర్వాత వీపు, భుజాలు, చేతులు వేశాను, ముఖం దగ్గర ఖాళీ వదిలేశాను. బ్రేక్‌లో ఆ మోడల్ అదే దుప్పటి చుట్టుకుని, తిమ్మిరెక్కిన కాలు నెమ్మదిగా వేసుకుంటూ ఒక్కో ఈజిల్ చూస్తూ వచ్చింది. నా దగ్గర ఆగి, "నా మొహం ఏదమ్మా?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. నాకు జవాబు రాలేదు. ముప్పై ఏళ్లు దాటినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, కాబట్టి నువ్వు రెండు గీతల్లోనైనా సరే ముఖం పెట్టు.

ఇక గీయడం సంగతి. ఈ రాత్రి అద్దం ముందు ఒక కాలి మీద బరువు వేసి ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడి చూడు, మోడల్ చేసేది ఎంత కష్టమో తెలుస్తుంది. బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. మెడ కింది గుంట నుంచి దారం వేలాడదీస్తే అది దాదాపు ఆ కాలి చీలమండ దగ్గరికే వస్తుంది. క్లాసులో ముందు ఆ గీత పట్టుకో, మిగతావన్నీ తర్వాత. వీలైతే ఆదివారం పాలంపేట వెళ్లిరా. 1213లో కట్టిన రామప్ప గుడిలో, చూరు కింద నల్లరాతి మదనికల (అందమైన భంగిమల్లో నిలబడ్డ ఆడవాళ్ల శిల్పాలు) నడుముల్లో ఉన్నది ఈ వంపే. ఒంటి మీద నగలే తప్ప బట్ట పెద్దగా లేని ఆ బొమ్మల కిందనుంచే జనం పిల్లల్ని చంకనెత్తుకుని శివుడి దర్శనానికి వెళ్తుంటారు.

ఇది చెబితే మీ అమ్మ "అది గుడి వదినా" అంటుంది, నాకు తెలుసు. మన అశ్లీలత చట్టం కూడా ఆ మాటే అంటుంది. గుడి శిల్పానికి నేరుగా మినహాయింపు ఇచ్చింది, బొమ్మ వేసినవాళ్లు మాత్రం ఇది కళేనని కోర్టులో చెప్పుకోవాలి. 1954లో బొంబాయిలో చిత్రకారుడు అక్బర్ పదంసీ తన నగ్నచిత్రాల మీద పెట్టిన కేసులో అలాగే చెప్పుకుని గెలిచాడు. నగ్నచిత్రాలు వేశాడని చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ మీద పెట్టిన కేసుల్ని 2008లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, అప్పటికే ఆయన దేశం విడిచి వెళ్లిపోయాడు, 2011లో లండన్‌లో పోయాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఇంకో సంగతి. లండన్‌లో చిత్రకారుల సంఘం, బొమ్మలు నేర్పే బడి రెండూ అయిన రాయల్ అకాడమీని 1768లో పెట్టినప్పుడు స్థాపకుల్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్. సభ్యులంతా నగ్న మోడల్ చుట్టూ చేరినట్టు జోఫనీ అనే చిత్రకారుడు ఒక పెయింటింగ్ వేశాడు. అందులో ఈ ఇద్దరు మనుషులుగా లేరు, గోడకు తగిలించిన పటాలుగా ఉన్నారు. అక్కడ చదివే ఆడపిల్లలకు మోడల్‌ని చూసి గీసే అవకాశం 1893లో గానీ రాలేదు, అదీ మోడల్‌కు కొంత బట్ట కప్పాకే. నువ్వు కూర్చోబోయే స్టూలు అంత ఆలస్యంగా దొరికింది మనకి.

అలాగని నీకు ఇబ్బందిగా ఉంటే దాచుకోకు. ఆడవాళ్ల నగ్నచిత్రాల్లో చాలావాటిని మగవాళ్లు మగవాళ్ల కోసమే వేశారు, ఆ చూపు నీకు నచ్చకపోతే తప్పు నీది కాదు. క్లాసులో ఎవరైనా వెకిలిగా నవ్వినా, మోడల్ ఒంటి మీద కామెంట్ చేసినా అక్కడే మాస్టారికి చెప్పు, మోడల్ చేత అనిపించుకునేదాకా ఆగకు. పోజు మార్చాలన్నా మాస్టారినే అడగమను, నువ్వు ముట్టుకోవద్దు.

బొమ్మ బాగా వచ్చిందని ఇన్‌స్టాలో పెట్టేయకు. చాలామంది మోడళ్లు ఏం పని చేస్తున్నారో ఇంట్లో వాళ్లకు చెప్పరు, పిల్లల స్కూలు ఫీజు ఈ డబ్బుతోనే కడతారు. ముఖం పోలిక కుదిరిన బొమ్మ అయితే ఆవిణ్ణి అడిగి, సరే అంటేనే బయట చూపించు. ముఖం వెయ్యమన్నదీ నేనే, దాచమంటున్నదీ నేనే, రెండూ ఆవిడ కోసమే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆవిణ్ణి అడిగి మొదటి షీటు పట్టుకురా. చార్‌కోల్ అంటుకోకుండా ఫిక్సేటివ్ (బొమ్మ చెదరకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టి, మధ్యలో బటర్ పేపర్ పెట్టి చుట్టు. మీ అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూద్దాం.

ప్రేమతో,
అత్త