గొంతు చూస్తాం, నోటిని దాటేస్తాం

పాఠకుల ప్రశ్నలకు దంతవైద్యుని జవాబులు

ప్రశ్న: నేను ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టరు పర్యవేక్షణలో పనిచేసే సహాయకుల) డిగ్రీ చదివి, దేవరకొండకు కొంత దూరంలో తండాల మధ్య ఉన్న ఒక ధర్మాసుపత్రిలో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టరు గారు వారానికి రెండు రోజులే వస్తారు. మిగతా రోజుల్లో పంటినొప్పితో, చిగుళ్ల వాపుతో వచ్చేవారు తక్కువేమీ కాదు. డాక్టరు గారు ఫోనులో చెప్పిన మాత్రలిచ్చి, నల్లగొండకు వెళ్లి పళ్ల డాక్టరుకు చూపించుకోమంటాను. నెల తిరిగేసరికి అదే మనిషి అదే నొప్పితో వస్తాడు. మా చదువులో నోటి గురించి చెప్పింది దాదాపు లేదు. నావంటి వారు ఏమి నేర్చుకోవచ్చు? ఎక్కడ ఆగాలి?
— ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: లోపం మీ ఒక్కరి చదువులోదే కాదు. ఫిజీషియన్ అసిస్టెంట్ల చదువు మొట్టమొదట అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1965లో మొదలైంది, మన దేశానికి 1992లో చెన్నై మీదుగా వచ్చింది. అమెరికాలో కూడా చాలాకాలం రోగిని పరీక్షించే వరుస తల, చెవులు, కళ్లు, ముక్కు, గొంతు అనే సాగేది. గొంతు చూడాలంటే నోరు తెరిపించక తప్పదు, అయినా ఆ దారిలో కనిపించే పళ్లను, చిగుళ్లను, నాలుక అడుగును చూడమని ఎవరూ నేర్పేవారు కారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయపు నర్సింగ్ అధ్యాపకులు ఆ వరుసలో నోటిని కూడా చేర్చి బోధించడం మొదలుపెట్టారు. అక్కడి ఫ్యామిలీ మెడిసిన్ అధ్యాపకుల సంఘం తయారుచేసిన ‘స్మైల్స్ ఫర్ లైఫ్’ అనే పాఠ్యక్రమం ఫిజీషియన్ అసిస్టెంట్ల శిక్షణలో కూడా వాడుకలో ఉంది. అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఇంగ్లిషు చదవగలరు కనుక మీరు దానితోనే మొదలుపెట్టవచ్చు.

అయితే ఆ పాఠాల్లో నల్లగొండ ఉండదు. మన దగ్గర శిక్షణ ఒక్క మాట దగ్గర మొదలు కావాలని నా అభిప్రాయం: ‘గార’. పళ్లకు గార పట్టిందని మీ దగ్గరకు వచ్చే మనిషి ఆ ఒక్క మాటతో నాలుగు వేర్వేరు సంగతులు చెబుతూ ఉండవచ్చు. మొదటిది ఫ్లోరోసిస్. పిల్లలకు సుమారు 8 ఏళ్లలోపు, చిగురు లోపల పన్ను తయారవుతున్న కాలంలో, తాగే నీటిలో ఫ్లోరైడ్ మితిమీరితే పంటి పైపొర అయిన ఎనామిల్ సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేనాటికే తెల్లని సుద్దమచ్చలు ఉంటాయి, తీవ్రంగా ఉన్నచోట అవి గోధుమరంగుకు మారి గుంటలు పడతాయి. ఒకే వయసులో తయారైన పళ్ల జతల మీద, కుడివైపు ఉన్నట్టే ఎడమవైపు కూడా కనిపించడం దీని గుర్తు. రెండోది పాచి గట్టిపడి చిగురు అంచున పేరుకున్న గార, దీన్ని దంతవైద్యుడు గీకి తీసివేయగలడు. మూడోది పొగాకు, వక్క, కిళ్లీల మరక. నాలుగోది పుచ్చు. ఇది చిగురు అంచున, దవడపళ్ల గాడుల్లో, రెండు పళ్ల సందున తెల్లని మచ్చగా మొదలై, మెత్తబడి, గొయ్యి పడుతుంది.

ఈ తేడా తెలియకపోవడం వల్ల రెండు వైపులా నష్టం జరుగుతోంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో పన్నుతోపాటే వచ్చిన ఫ్లోరోసిస్ మచ్చను మురికి అనుకుని ఇటుకపొడితో, బొగ్గుతో రుద్ది ఉన్న ఎనామిల్‌ను కూడా అరగదీసుకున్నవారు నాకు తెలుసు. మరోవైపు, మా ఊళ్లో అందరి పళ్లూ ఇంతేనని పుచ్చును కూడా ఫ్లోరిన్ ఖాతాలో వేసి వదిలేసే తల్లిదండ్రులు ఉన్నారు. ఫ్లోరిన్ నీళ్ల ఊరిలో పళ్లు పుచ్చవన్న నమ్మకం సరికాదు. గుంటలు పడిన ఎనామిల్‌లో పాచి మరింత సులువుగా నిలుస్తుంది. ఇంటింటికీ నది నీరు వచ్చాక పెరుగుతున్న పిల్లల పళ్లకూ, బోరు నీళ్లతో పెరిగిన వారి తల్లిదండ్రుల పళ్లకూ తేడా ఉండవచ్చు కనుక, కుటుంబమంతా కలిసి వచ్చినప్పుడు ఒక్కొక్కరి నోరు విడిగా చూడాలి.

ఇక చేతితో నేర్వవలసినవి. చిన్నపిల్లను చూడాలంటే తల్లి, మీరు మోకాళ్లు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చోవాలి. బిడ్డ ముఖం తల్లివైపు ఉండేలా పడుకోబెట్టి తలను మీ ఒడిలోకి తీసుకుని, పై పెదవి ఎత్తి ముందు పాలపళ్లను చిగురు అంచున చూడాలి. పాలపళ్ల పుచ్చు చాలాసార్లు అక్కడే తొలుత కనబడుతుంది. పెద్దవారికి నాలుక పక్కలు, అడుగు, బుగ్గల లోపలి పొర అద్దంతో, మంచి వెలుతురులో చూడాలి. 2 వారాలు దాటినా మానని పుండు, తుడిచినా పోని తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయకుండా పంపాలి. గుట్కా నమిలేవారిని తమ 3 వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమని అడగండి. పట్టకపోతే, కారం తింటే నోరంతా మండుతోందంటే, బుగ్గలు బిగుసుకుపోతున్నాయేమో అనుమానించాలి. ఆ స్థితి ముదిరి క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది. మధుమేహం ఉన్నవారి చిగుళ్లు చూడకుండా పంపవద్దు. చిగుళ్ల జబ్బు ఉంటే షుగరు అదుపు తప్పుతుంది, షుగరు ఎక్కువైతే చిగుళ్లు చెడతాయి. గర్భిణులకు చిగుళ్ల నుంచి నెత్తురు వస్తే బ్రష్ మానేయమని ఇంట్లో పెద్దలు చెబుతారు. మీరు దానికి విరుద్ధంగా, మెత్తని బ్రష్‌తో ఇంకా శ్రద్ధగా తోముకోమని చెప్పవలసి ఉంటుంది.

మీ రోగి నెలకోసారి తిరిగి రావడానికి కారణం మాత్రలే. పుచ్చు లోతుకు దిగి పంటి నరానికి తగిలాక యాంటీబయాటిక్ ఆ గొయ్యిని పూడ్చలేదు. నొప్పి తగ్గగానే పట్నం ప్రయాణం వాయిదా పడుతుంది, ఒక రోజు కూలి పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా. జ్వరం, ముఖం వాపు వంటి లక్షణాలు లేని మామూలు పంటినొప్పికి యాంటీబయాటిక్ అవసరం చాలావరకు ఉండదని మీ డాక్టరు గారితో మాట్లాడండి. దవడ కింద వాపు మెడలోకి దిగుతూ, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే మాత్రం అది ప్రాణాపాయం. నోరు కూడా తెరవలేని ఆ మనిషిని మరునాటి దాకా ఉంచకుండా 108లో పంపాలి.

దెబ్బ తగిలి ఊడివచ్చిన శాశ్వత దంతాన్ని వేరు పట్టుకోకుండా, రుద్దకుండా, వెంటనే తిరిగి అదే చోట అమర్చగలిగితే మంచిది, కుదరకపోతే పాలలో వేసి గంటలోపు దంతవైద్యుని దగ్గరకు చేర్చాలి. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు.

పంపేటప్పుడు ‘డెంటల్‌కు’ అని ఒక్క ముక్క రాసిన చీటీ ఎందుకూ పనికిరాదు. ఏ పన్ను, ఎన్నాళ్ల నుంచి, ఏ మందులు వాడారు, షుగరు, బీపీ ఎంత, గర్భిణా అన్నవి రాసి పంపండి. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంతవైద్య కళాశాలలున్నాయి. మీ ఆసుపత్రి వాటిలో ఒకదానితో మాట్లాడుకుని, వారానికి ఒక రోజు మీరు అక్కడ నిలబడి చూసేలా ఏర్పాటు చేసుకుంటే, ఇంటర్నెట్‌లో చదివినదానికి చేతి అలవాటు కూడా తోడవుతుంది.

ప్రశ్న: పళ్లు పీకే పని నుంచి ఇంజెక్షన్ల దాకా ఊళ్లో ఆర్.ఎం.పి.లు చేయని వైద్యం లేదు. ఇప్పుడు ఫిజీషియన్ అసిస్టెంటని సగం చదువుకున్న మరొకరికి నోరు అప్పగించమంటారా? పేదవాడికి ఎప్పుడూ రెండో రకం వైద్యమేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కల్వకుర్తి

జవాబు: మాస్టారూ, మీ కోపంలో న్యాయం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. చట్టం ప్రకారం దంతవైద్యం చేసే హక్కు రిజిస్టరైన దంతవైద్యులకే ఉంది. కనుక పన్ను పీకడం, డ్రిల్లు పెట్టడం, రూట్ కెనాల్ వంటివి ఫిజీషియన్ అసిస్టెంటుకు నేర్పకూడదు, అడిగినా చేయించకూడదు. ఆ హద్దును శిక్షణలో మొదటి రోజే చెప్పాలి. ఆర్.ఎం.పి.కీ, వీరికీ ఉన్న తేడా కూడా అదే. వీరి పని ఒక డాక్టరు పర్యవేక్షణలో జరుగుతుంది, 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తిని గుర్తించింది, తప్పు జరిగితే అడగడానికి ఒక చిరునామా ఉంటుంది.

దంతవైద్యుడు కాని మనిషికి నోటి పని నేర్పడం కొత్త సంగతేమీ కాదు. న్యూజిలాండ్ 1921లోనే బడిపిల్లల కోసం డెంటల్ నర్సులకు ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. మన దేశంలో కూడా 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కింద, ఉపకేంద్రాల స్థాయిలో అందించవలసిన 12 రకాల సేవల్లో ప్రాథమిక నోటి ఆరోగ్యం ఒకటి. మన పల్లె దవాఖానల్లో పనిచేసేవారికీ ఈ శిక్షణ అంతే అవసరం. పుచ్చును ఆపడానికి పూసే ఫ్లోరైడ్ వార్నిష్, సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ వంటివాటిని కూడా దంతవైద్యుడు చూసి, ఎవరికి ఏ పంటికి పూయాలో రాసిచ్చాకే వాడాలని నా పట్టుదల. రెండోదానితో పుచ్చిన చోటు నల్లగా మారుతుంది. ఆ సంగతి ముందే చెప్పి తల్లి ఒప్పుకోలు తీసుకోకపోతే, మరుసటి నెల ఊరంతా ఆ ఆసుపత్రి పిల్లల పళ్లు నల్లబరిచిందనే చెప్పుకుంటుంది.

రెండో రకం వైద్యం అన్నారు. దంతవైద్యుల కుర్చీలు దాదాపు అన్నీ పట్నాల్లోనే ఉన్నాయి. అమ్రాబాద్ అడవిలోని చెంచుపెంటలో ముసలమ్మ నాలుక పక్క పుండును ఈ రోజు ఎవరు చూస్తున్నారు? పుణె, ముంబై పనులకు వెళ్లి ఆరు నెలలకు ఇల్లు చేరే పాలమూరు కూలీ బుగ్గ లోపల తెల్లమచ్చను ఎవరు గమనిస్తున్నారు? వారికి అందుతున్నది రెండో రకం కాదు, అసలేమీ అందడం లేదు. అయితే మీ మాటలో ఒకదాన్ని నేను తలకెత్తుకుంటాను: ఈ శిక్షణను సాకుగా చూపి మండల కేంద్రాల్లో దంతవైద్యుల నియామకాలు ఆపితే, మీతో కలిసి నేనూ అడుగుతాను.

ప్రశ్న: అంగన్‌వాడీలో పిల్లలకు పళ్లు తోమడం నేర్పుదామంటే, ఇది ఫ్లోరిన్ ప్రాంతం కదా, ఫ్లోరైడ్ పేస్టు వద్దని కొందరు, వాడాలని మా పల్లె దవాఖాన అమ్మాయి అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— అంగన్‌వాడీ టీచర్, చండూరు

జవాబు: ఆ అమ్మాయి మాటే వినండి, కొలత మాత్రం తప్పకుండా పాటించండి. 3 ఏళ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ల వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. పేస్టు పెట్టేది పెద్దవారు కావాలి, తోమాక ఉమ్మించాలి. ఫ్లోరోసిస్ తెచ్చేది కడుపులోకి వెళ్లే ఫ్లోరైడ్. అందులో పెద్దవాటా తాగే నీటిదే, అనుమతించదగిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. కనుక మీ కేంద్రంలో వంటకు, తాగడానికి బోరు నీళ్లు వాడుతున్నారేమో ముందు చూసుకోండి, వాడుతుంటే పరీక్ష చేయించమని పంచాయతీకి రాతపూర్వకంగా అడగండి. ఆ దవాఖాన అమ్మాయిని నెలకోసారి పిలిచి పిల్లల పై పెదవులు ఎత్తి చూడమనండి, ఎవరి పంటి అంచున సుద్దమచ్చ ఉందో మీ రిజిస్టరులో రాసుకోండి.