మీ బండి – మా జవాబు: కొత్త గాస్కెట్లు వేసినా ఆగని పొగ లీకు

ప్రశ్న: మా నాన్నగారి 1600 సీసీ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను ఇప్పటికీ నడుపుతున్నాను. ఉదయం స్టార్టు చేయగానే ఇంజన్ దగ్గర టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంది, వేడెక్కాక తగ్గుతుంది. కోరాపుట్ నుంచి ఘాట్ దిగేటప్పుడు సైలెన్సర్ టపటపా పేలుతుంది. ఎగ్జాస్ట్ గాస్కెట్లు ఏడాదిలో రెండుసార్లు మార్పించినా నెల తిరక్కుండా మళ్లీ మొదటికే వచ్చింది. గాస్కెట్లు నాసిరకమా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: గాస్కెట్లను (అతుకుల్లోంచి పొగ రాకుండా మధ్యలో వేసే రింగులను) అనుమానించే ముందు బిగించిన తీరును చూడాలి. ఈ ఇంజన్ వేడెక్కేకొద్దీ వాల్వుల దగ్గర ఖాళీ పెరుగుతుంది కాబట్టి, అది టాపెట్ల (వాల్వులను తెరిచే భాగాల) చప్పుడైతే వేడికి తగ్గదు. మీది తగ్గుతోందంటే లోహం వ్యాకోచించి సందు కొంత మూసుకుంటోందన్నమాట, అంటే అది పొగ లీకే. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదలగానే అదే సందులోంచి బయటి గాలి లోపలికి చేరి, గొట్టంలో మిగిలిన పెట్రోలు ఆవిరి అంటుకోవడం వల్ల ఆ పేలుళ్లు వస్తున్నాయి.

ఈ కారులో ముందువైపు రెండు సిలిండర్లకు హీటర్ బాక్సులు (కారు లోపలికి వెచ్చని గాలినిచ్చే పెట్టెలు), వెనుకవైపు రెండింటికి నేరుగా సైలెన్సర్ బిగుస్తాయి. ఆ సైలెన్సర్ మళ్లీ రెండు హీటర్ బాక్సుల గొట్టాలతోనూ క్లాంపులతో కలవాలి. ఒకే వస్తువు ఏకకాలంలో నాలుగు చోట్ల సరిగ్గా కూర్చోవాలి, చిక్కంతా అక్కడే ఉంది. పాతబడి వంగినదో, కొలత తప్పిన కొత్తదో అయితే ఒక ఫ్లాంజ్ (గొట్టం చివర నట్లతో బిగించే చదునైన అంచు) రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు నిలుస్తుంది. దాన్ని నట్టుతో లాగి కూర్చోబెడితే గాస్కెట్ ఒక అంచున నలిగిపోయి, రెండో అంచున వదులుగా మిగులుతుంది. ఎంత ఖరీదైన గాస్కెట్ అయినా అలా నెల రోజులకు మించి నిలవదు.

అందుకని ముందు గాస్కెట్లు లేకుండానే సైలెన్సర్‌ను చేత్తో ఎక్కించి చూడమని మీ మెకానిక్‌కు చెప్పండి. నాలుగు చోట్లా బలవంతం లేకుండా ఆనాలి. ఆనకపోతే వెల్డింగ్ షెడ్డులో గొట్టాన్ని సరిచేయించాలి తప్ప స్పానర్‌కు పని చెప్పకూడదు. ఫ్లాంజ్ ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద నుంచి వెలుతురు కనిపిస్తే చదునయ్యేదాకా ఆకురాయితో రాయించండి.

పాత గాస్కెట్ రింగు పూర్తిగా వచ్చిందో లేదో మీరే దగ్గరుండి చూడండి. బరంపురంలో ఒక షెడ్డులో విప్పిన ఇంజన్ పోర్టులో (పొగ బయటికొచ్చే రంధ్రంలో) మసి పట్టి, హెడ్‌లో (సిలిండర్ల మూతలో) భాగమే అనిపించేలా అతుక్కుపోయిన పాత రింగును నేను వేలితో తడిమి చూశాను. దాని మీదే రెండుసార్లు కొత్తది వేశారు. హెడ్ అల్యూమినియం కనుక ఉలి వాడకుండా, చెక్కముక్కతోనో ఇత్తడి బద్దతోనో గీకాలి.

బిగించేటప్పుడు క్లాంపులన్నీ వదులుగానే ఉంచి, హెడ్ మీది నట్లను మొదట చేత్తో తిప్పి, తరువాత ఒక్కో ఫ్లాంజ్‌కు ఉన్న రెండింటినీ మార్చి మార్చి కొద్దికొద్దిగా సుమారు 20 న్యూటన్ మీటర్ల బిగువు వరకు బిగించి, క్లాంపులను అన్నిటికన్నా చివర్లో బిగించాలి. అంతకు మించి లాగితే నట్టు ఎక్కే 8 మిల్లీమీటర్ల మరకడ్డీ (స్టడ్) విరగడమో, హెడ్‌లోని మరలు ఊడిరావడమో జరుగుతుంది. రాగి పూత నట్లు వాడితే తుప్పుకు పట్టేయవు, మళ్లీ విప్పాల్సివచ్చినప్పుడు స్టడ్ దక్కుతుంది. మామూలు సిలికాన్ పేస్టు ఈ వేడికి మాడి రాలిపోతుంది కాబట్టి, దాన్ని పూయడానికి ఒప్పుకోకండి.

వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందువల్ల కొత్త గాస్కెట్ సర్దుకోగానే నట్లు కొంచెం వదులవుతాయి. మొదటి వారం తిరిగాక, ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాత మరోసారి చూసుకోవాలి. లీకు ఆగిందో లేదో తెలియాలంటే చల్లని ఇంజన్ అతుకుల మీద సబ్బు నురుగు రాసి స్టార్టు చేయండి, సందు ఉన్నచోట బుడగలు లేస్తాయి.

ఈ పని పూర్తయ్యేదాకా ఒక్క విషయంలో మాత్రం నా మాట వినండి. కారు లోపలికి వచ్చే వెచ్చని గాలి ఈ గొట్టాల వేడితోనే తయారవుతుంది, లీకైన పొగ ఆ గాలిలో కలిసే వీలుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. కోరాపుట్ చలిలో పిల్లలు వెనుక సీట్లో నిద్రపోతున్నా సరే, హీటర్ తెరవకుండా దుప్పటి కప్పండి, కిటికీ అద్దం కొంచెం దించి ఉంచండి.