చైనా అల్లిక వంతెనల మీద థీసిస్: డ్రాయింగులు సరిపోతాయా, కట్టి చూడాలా?

ఫూజియాన్, జెజియాంగ్ కొండల్లోని కర్ర వంతెనల మీద ఆర్కిటెక్చర్ థీసిస్ చేస్తున్నానని, డ్రాయింగులు సరిపోతాయా లేక మోడల్ కట్టాలా అని అడిగారు. తప్పకుండా కట్టండి. అదీ మనిషి ఎక్కి నిలబడేంత సైజులో. కాలేజీ రోజుల్లో మేం సరుగుడు కర్రలతో కట్టాం. ఆ వంతెన నాకు అర్థమైంది అక్కడే.

డ్రాయింగులో రెండు వరసల దుంగలూ ఒకేసారి కనిపిస్తాయి. కట్టేటప్పుడు అలా కాదు. ముందు మూడు ముక్కల వరస: రెండు పక్కలా ఏటవాలు దుంగలు, మధ్యలో నేలకు సమాంతరంగా ఒకటి. వాటి కొసలు దూరే అడ్డదూలాన్ని అక్కడి వడ్రంగులు ఎద్దు తల అంటారు. చాలా వంతెనల్లో ఈ వరస దుంగలు పక్కపక్కనే తొమ్మిదేసి ఉంటాయి. వాటి సందుల్లోంచి ఐదు ముక్కల వరస ఎనిమిదేసి దుంగలతో వస్తుంది.

మొదటి వరస ఒక్కటే నిలబెట్టి ఒక భుజం మీద, అంటే ఏటవాలు దుంగ మధ్య దుంగను కలిసే మూల మీద, చెయ్యి వేసి నొక్కాం. అవతలి భుజం పైకి లేచింది, మొత్తం పక్కకి ఒరిగింది. రెండో వరస ఎక్కించాక అదే చోట ఇద్దరం నిలబడినా కదల్లేదు. ఒక వరస అడ్డదూలాలు రెండో వరస దుంగలకు ఆనుకుని, దేన్నీ ఒరగనివ్వవు. అల్లిక చేసే పని అదే. లెక్కల్లో ఇది ముందే చదివాం కానీ, అది చేతికి తెలియడం వేరే.

పైన కప్పు వదిలేయకండి. అది దుంగలను వాన నుంచి కాపాడుతుంది, బరువుతో కీళ్లను బిగిస్తుంది. మేం కప్పు బదులు ఇసుక బస్తాలు పెట్టగానే కిర్రుమంటున్న కీళ్లన్నీ బిగుసుకున్నాయి. జెజియాంగ్‌లో చింగ్‌యువాన్‌లోని రూలోంగ్ వంతెన 1625 నాటిది. ఇంతకాలం నిలిచిందంటే అందులో కప్పు పాత్ర చిన్నది కాదు.

యూట్యూబ్‌లో కనిపించే పుల్లల వంతెనతో సరిపెట్టుకోకండి. అది ఒరిపిడి మీదే నిలుస్తుంది. ఫూజియాన్ వడ్రంగులు దుంగ కొసను చెక్కి, దూలంలో బెజ్జం తీసి దూరుస్తారు. వాళ్ల నైపుణ్యమంతా అక్కడే ఉంది. 2009లో యునెస్కో అత్యవసరంగా కాపాడాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది కూడా ఒక వంతెనను కాదు, ఈ కట్టే పద్ధతిని.

వీలైతే జెజియాంగ్‌లోని తైషున్ వెళ్లండి. 2016 సెప్టెంబరులో తుఫాను వరదకు అక్కడ మూడు పాత వంతెనలు కొట్టుకుపోయాయి. ఊళ్లవాళ్లు దిగువన దుంగలు వెతికి తెచ్చారు, పనికొచ్చినవాటిని వాడి మళ్లీ కట్టారు. మీ థీసిస్‌కు అంతకంటే మంచి కేసు దొరకదు.

కర్రల విషయానికొస్తే, సరుగుడు లేకపోతే యూకలిప్టస్ తీసుకోండి. వెదురు వద్దు, బెజ్జం తీస్తే చీలిపోతుంది. ప్రతి కర్రకీ మొదలు లావు, కొస సన్నం కాబట్టి ఏది ఎటు పెట్టాలో ముందే సుద్దముక్కతో రాసుకోండి. రెండో వరస ఎక్కేదాకా కింద పరంజా తీయకండి.