ఎద్దు 'వచ్చిందా', 'వచ్చాడా'?

సందేహం: రైతు జీవితం మీద కథ రాశాను. అందులో ఎద్దు పేరు రాముడు. 'రాముడు నీళ్లు తాగి కళ్లంలోకి వచ్చాడు' అని రాస్తే, మా స్నేహితుడు జంతువుకు 'వచ్చింది' అనే రాయాలన్నాడు. ఏది ఒప్పు? – ఒక పాఠకుడు, రాజాం

సమాధానం: వ్యాకరణం ప్రకారం మీ స్నేహితుడి మాట ఒప్పే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కాక మిగిలినవే మహత్తులు (అంటే 'వాడు', 'వచ్చాడు' అని చెప్పేవి), కాబట్టి ఎద్దుకు 'వచ్చింది'. కానీ అదే సూరి నీతిచంద్రికలో సింహం పేరు పింగళకుడు, ఎద్దు పేరు సంజీవకుడు. సింహము అన్నా పింగళకుడు అన్నా ఒకే జంతువు, ఒకదానికి 'ము', ఇంకోదానికి 'డు'. పేరు పెట్టి నోట మాటలు పెట్టేసరికి అది మనిషిలాంటి పాత్ర అయిపోయింది. పైగా గ్రాంథికంలో 'వచ్చెను' అంటే రాముడికీ సీతకీ ఎద్దుకీ కూడా చెల్లుతుంది, వాడుక భాషలో రాసే మనకే ఈ టెన్షన్.

మీ ఎద్దు మాట్లాడదు కదా, అందుకని ఆ వాక్యం ఎవరు చెబుతున్నారో చూడండి. మన పల్లెల్లో రైతు ఎద్దుతో 'తిన్నావురా రాముడూ' అంటాడు, పక్కవాడితో 'మా రాముడు నిన్నట్నుంచి గడ్డి ముట్టలేదు' అంటాడు (ఈ 'తిన్నావు', 'ముట్టలేదు'లలో ఆడా మగా తేడాయే లేదు, గమనించారా!), ముద్దొచ్చినప్పుడు 'పడుకున్నాడు' అనీ అంటాడు. అది అతని ప్రేమ, దాన్ని దిద్దకండి. కథకుడి మాటల్లో మాత్రం 'వచ్చింది' అనే ఉంచమంటాను. అప్పుడే రైతు చూపు వేరు, లోకం చూపు వేరు అని తెలుస్తుంది. సంతలో బేరగాడు నోరు తెరిపించి 'ఇది ఎన్ని పళ్లేసింది' అని అడిగితే ఆ 'ఇది' చదివేవాళ్లకి గుచ్చుకోవాలి. మొదటి పేజీ నుంచీ అందరూ 'వాడు' అంటే గుచ్చుకోదు.

ఆవు అయితే ఏకవచనంలో ఏ చిక్కూ లేదు, ఆవిడైనా ఆవైనా 'వచ్చింది'. జోడెద్దులుంటే 'రెండూ వచ్చాయి' అని మొదలుపెట్టి మధ్యలో 'ఇద్దరూ వచ్చారు' అనకండి, రైతు మాటల్లో తప్ప.

కథ మొత్తం రైతే 'నేను' అంటూ చెబుతుంటే మీరు రాసిన 'వచ్చాడు' అలాగే ఉంచండి. మీరే చెబుతుంటే మార్చండి.